కలుపు తీయని జత

నమోదు 1

నా భార్య వనజ పోయిన రోజు ఇలా గడిచింది.

పొద్దున తనకంటే ముందు జతకు గంజి పోశాను. మా ఇంట్లో అదే వరుస. ముందు జత, తర్వాత మనుషులు. పెట్టె మూత తీస్తుంటే మంచం మీద నుంచి అడిగింది, "ఏం రంగుంది సారూ?"

గులాబీ రంగు అని చెప్పాను.

"దానికేం, బాగుంటాది," అంది.

మధ్యాహ్నం రెండు చెంచాల రాగి జావ తాగింది. కర్మాగారం సైరన్ మోగింది. షిఫ్టు దిగినవాళ్ళు వీధిలో నడుస్తుంటే వాళ్ళ బట్టల గాజు పొడి లోపలికి వస్తుందని, కిటికీ తడిగుడ్డ సరిచేయమంది. సరిచేసి తిరిగి చూసేసరికి కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర అనుకున్నాను. పక్కన కూర్చుని సౌర పలకల రీడింగులు రాసుకున్నాను. ఊపిరి చప్పుడు ఆగిన సంగతి వెంటనే తెలియలేదు. పెట్టె ఫ్యాను చప్పుడు అలాగే ఉంది.

పక్కింటి రామాంజినమ్మ వచ్చి ముఖం తుడిచింది. బొట్టు పెట్టింది. ఆమె భర్త ఎర్రిస్వామి మిగతా పనులు చూశాడు. చీకటి పడేలోపు అంతా అయిపోయింది.

ఇంటికి వచ్చి చూస్తే జత పసుపు రంగుకు తిరుగుతోంది. అంటే ఆకలి. గంజి పోశాను.

ఇంతవరకు ఈ చిట్టా వనజ రాసేది. ఇకనుంచి నేను రాస్తాను.

రంగు గులాబీ. వేడి సరిగా ఉంది.


నమోదు 2

పాలు పోసిన రోజు. ఎర్రిస్వామి గడ్డపార పట్టుకుని వచ్చాడు.

"అన్నా, గుంత తవ్వినా. పెట్టె తెస్తావా?"

"రేపు తెస్తాలే."

"రేపు గాదు గదన్నా. పాలు పోసేది ఈ పొద్దే."

"గుంత మూసెయ్ ఎర్రిస్వామీ."

నా వైపు చూశాడు. పెట్టె వైపు చూశాడు. "మూసే పనైతే తవ్వకముందే చెప్పొచ్చు గదప్పా. నడుము విరిగె," అన్నాడు. వెళ్ళిపోయాడు.

జత అంటే రోగి ఊపిరితిత్తిలోని గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క. వేడి పెట్టెలో చిన్న గాజు పళ్ళెంలో, మేం గంజి అని పిలిచే గులాబీ రంగు పోషక ద్రవంలో పెరుగుతుంది. ఏ మందైనా ముందు దానికి వేసి, పనిచేస్తే మనిషికి వేస్తారు. జత ఉన్న ఇంటివాళ్ళే దాన్ని సాకాలి. మనిషి పోతే మూడో రోజు పెట్టె ఆపి, జతను సమాధి పక్కనే పాతిపెట్టడం మా గాజుమిట్టలో ఆచారం. ఎవరూ చట్టం చేయలేదు. మొదట ఎవరో చేశారు, అందరం చేస్తున్నాం.

నేను చేయలేదు.

రంగు గులాబీ. గంజి పోశాను.


నమోదు 3

దివసాలు, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా మా పొయ్యి వెలగకూడదు. పక్కింటివాళ్ళే పెడతారు. ఈరోజు రామాంజినమ్మ సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. ఆమెకూ వనజ జబ్బే. ఇద్దరూ ఒకే షెడ్డులో, ఒకే బల్ల మీద, చచ్చిన సౌర పలకల గాజు ఏరేవాళ్ళు. నా పని షెడ్డు బయట, యార్డులో. పలకను ఎండలో పెట్టి, మీటరు చూసి, బతికి ఉందో లేదో చెప్పడం. చచ్చినవి లోపలికి వెళ్తాయి, పొడి అవుతాయి.

"తింటివా అన్నా?"

"తిన్నా."

"నిన్నటి గిన్నె మూతే తీయలేదే. అక్క ఉంటే గిన్నె తీసి నీ నెత్తిన బోర్లించేది."

ఆమె ఎదురుగా తిన్నాను. తిన్నదాకా కదలలేదు.

మా వీధిలో రామాంజినమ్మ జతే అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది. వనజ నేర్పిన పని. గడ్డ ముక్క చుట్టూ పళ్ళెంలో పల్చటి, దారాల్లాంటి కణాలు అల్లుకుంటాయి. ఇక్కడివాళ్ళు వాటిని కలుపు అంటారు. శుక్రవారం పూట ఆడవాళ్ళు అరుగుల మీద భూతద్దాలు పెట్టుకుని కూర్చుంటారు. పళ్ళెంలో కడుగునీళ్ళు పోసి, మెల్లగా ఊపుతారు. ముందు కలుపు ఊడి వస్తుంది. దాన్ని వంపేస్తే గడ్డ ఒక్కటే మిగులుతుంది. శుభ్రమైన జత స్పష్టమైన జవాబు చెబుతుందని, జతలు తీసే కేంద్రం డాక్టర్లూ మెచ్చుకునేవాళ్ళు. అసలు వాళ్ళు చెప్పకపోయినా తీసేవాళ్ళమే. మా తాతల కాలం దాకా ఇది చెనిక్కాయ నేల. కలుపు కనిపిస్తే మా చెయ్యి ఆగదు.

వనజ మొదటి జత కూడా అద్దంలా ఉండేది. మందు వేస్తే ఒక్క కణం మిగలలేదు. ఆ రోజు వీధంతా ఓళిగలు పంచాం. అదే మందు వనజకు వేశారు. గడ్డ కరిగింది. మళ్ళీ వానలు రాకముందే తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చిన గడ్డ నుంచి రెండో జత తీశారు. దానికి వనజ కలుపు తీయలేదు. ఒంట్లో ఓపిక లేక అనుకుని, నేను తీస్తానన్నాను.

"వద్దు. నా లోపల ఎవరు తీస్తాండారు సారూ?" అంది.

పాలిటెక్నిక్‌లో నాకంటే ఏడాది చిన్న. అప్పుడు వెక్కిరించడానికి మొదలుపెట్టిన పిలుపు ఆ 'సారూ'. చివరిదాకా మార్చలేదు.

ఆ రెండో జతకు మందు వేస్తే చుట్టుపక్కల చచ్చి, మధ్యలో కొంత మిగిలింది. ఆమె లోపల జరిగింది కూడా అదే. జవాబు నిజమే చెప్పింది. దానికి తగ్గ మందు మాత్రం లేదు.

ఇప్పుడు పెట్టెలో ఉన్నది అదే.


నమోదు 4

రంగు గులాబీ.


నమోదు 5

జత కేంద్రం నుంచి డాక్టర్ షబానా వచ్చింది. కుర్చీ వేశాను. కూర్చోలేదు. పళ్ళెం చూడొచ్చా అని అడిగింది. కంటికి పెట్టుకునే కటకం తనే తెచ్చుకుంది. చాలాసేపు చూసి, నన్ను చూడమంది.

"మధ్యలో గుండ్రంగా కొన్ని కనిపిస్తున్నాయి కదా. అవి మూలకణాలు. గడ్డకు మొదలు అవే. మందుకు లొంగవు. మిగతా గడ్డంతా పోయినా అవి ఉంటే మళ్ళీ పెరుగుతుంది."

"చుట్టూ ఉన్నది కలుపు."

"మీరంతా కలుపు అంటారు. అవి పొరుగు కణాలు. వనజ గారి ఒంట్లోని మామూలు కణాలే. జబ్బు వాటిది కాదు."

"మరి అక్కడేం పని?"

"గాయాలు మాన్పడం వాటి పని. గడ్డను చూసి గాయం అనుకుంటాయి. వచ్చి చుట్టూ చేరతాయి. ఒక సంకేతం పంపుతూ ఉంటాయి. అది అందుతున్నంత కాలం మూలకణం మూలకణంగానే ఉంటుంది. అందకపోతే మామూలు గడ్డ కణంగా మారిపోతుంది. మామూలు కణాన్ని మన పాత మందే చంపుతుంది."

కాసేపు పళ్ళెం చూశాను. "అయితే కలుపు తీసిన జతల్లో..."

"అదే జరిగింది. పళ్ళెంలో మూలకణాలు మారిపోయాయి. మందు అన్నిటినీ చంపింది. మనం పని చేసిందని రాసుకున్నాం. మనుషుల లోపల పొరుగు అలాగే ఉంది."

ఇన్ని వీధుల్లో, ఇన్ని శుక్రవారాలు. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ కళ్ళముందు కనిపించారు.

"అవి మేలు చేస్తున్నామనే అనుకుంటాయా?" అని అడిగాను.

"అనుకోవడం అన్నది నేను వాడిన మాట ఓబులేశు గారూ. కణాలు ఏమీ అనుకోవు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. పొరుగు సంకేతం మూలకణానికి అందకుండా చేసే మందు ఒకటి వచ్చింది. కేంద్రంలో దాన్ని నోరుకట్టు అంటున్నారట. ముందు అది వేసి, తర్వాత పాత మందు వేయాలి. రామాంజినమ్మ గడ్డ వనజ గడ్డ రకమే. కానీ పొరుగుతో సహా ఉన్న జత మీద ఒక్కసారైనా పనిచేసి చూపితేగాని మనిషికి ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. రామాంజినమ్మ జతలో కలుపు లేదు. ఇంకో సూది దించితే ఆమె ఊపిరితిత్తి తట్టుకోదు. గాజుమిట్టలో కలుపు తీయని జత ఒక్కటే ఉంది.

"సగం ఇస్తాను," అన్నాను.

"కందిబేడంత కూడా లేదు. కోస్తే రెండు సగాలూ పోతాయి. పరీక్ష అయ్యాక ఎలాగూ కోసి చూడాలి. ఏమీ మిగలదు. ముందే చెప్పడం మంచిదని చెబుతున్నా."

"ఇవ్వనంటే?"

"జత ఇంటివాళ్ళది. నేను అడగగలను, అంతే. రామాంజినమ్మ గారికి పాత మందు మొదలుపెట్టడం నెలాఖరు దాకా ఆపగలను. మొదలుపెట్టాక ఇక దారి మార్చడం కుదరదు."

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "కలుపు తీయనని వనజ గారు నాకు చెప్పినప్పుడు, మీ ఇష్టం అన్నాను. ఎందుకని అడగలేదు," అంది.


నమోదు 6

ఆమెను చంపింది ఇదే.

ఆమెలో ఇంకా బతికి ఉన్నదీ ఇదొక్కటే.

రెండు వాక్యాలు రాసి చాలాసేపు చూశాను. ఏదో ఒకటి కొట్టేద్దామనుకున్నాను. రెండూ నిజమే.

గంజి పోశాను.


నమోదు 7

రామాంజినమ్మ గిన్నె కోసం వచ్చింది. గిన్నె తీసుకోకుండా గడప మీద కూర్చుంది.

"డాక్టరమ్మ నాకూ చెప్పిందన్నా. వద్దు."

"నేను ఇంకా ఏమీ అనలేదు."

"నువ్వు అనే రకం గాదు. నాకు తెల్దా? అక్క అంత మాత్రమన్నా ఉండాది, ఉండనీ. నాది ఎట్ల కావాలనుంటే అట్ల అయితాది."

"ఎర్రిస్వామి ఏమన్నాడు?"

"ఆయప్ప ఏమంటాడు! గోడ తట్టు తిరుక్కోని పండుకున్యాడు. పలకరిస్తే, నిద్రపోతాండా అంటాడు. నిద్రపోయేటోడు మాట్లాడతాడా?"

నవ్వింది. నవ్వు దగ్గయింది. నీళ్ళిచ్చాను. దగ్గు ఆగాక, జత చూపించమంది. భూతద్దం కింద పెట్టాను.

"యప్పా! ఎంత కలుపు! చేను బీడు పడినట్ల ఉండాదే." భూతద్దం చేతిలోకి తీసుకుంది. "నన్ను కూడా తీయొద్దనింది అక్క. శానాసార్లు చెప్పింది."

"నువ్వేం చేస్తివి?"

"సరే సరే అని, ఇంటికి పోయి తీస్తిని. శుక్రవారం అందరూ ఒకరిది ఒకరు చూస్తారు గదన్నా. నా పళ్ళెం ఒక్కటి ఇట్ల ఉంటే ఏమనుకుంటారు? సిగ్గయితాది గదా."

భూతద్దం పక్కన పెట్టి, కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడిచింది. గిన్నె మరిచిపోయి వెళ్ళింది.


నమోదు 8

గాలి మొదలైంది. గుట్టలుగా పోసిన గాజు పొడి లేచి ఊరి మీద పడుతోంది. సూర్యుడు మసక బల్బులా ఉన్నాడు. కర్మాగారం మూశారు. మా కప్పు మీది పలకలు పది వంతుల్లో ఒక వంతు కరెంటు కూడా ఇవ్వడం లేదు. యార్డులో నేను బతికి ఉన్నాయని రాసినవాటిలో మంచివి రెండు ఏరి తెచ్చి కలిపాను. పలక మంచిదైనా ఎండ ఉండాలి.

పెట్టె దీపం ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరిగింది. వేడి తగ్గుతోంది. ఇంట్లో లైటు, ఫ్యాను, నీళ్ళ మోటారు అన్నీ తీసేసి, ఉన్నదంతా పెట్టెకే ఇచ్చాను.

రంగు గులాబీ. వేడి తక్కువ.


నమోదు 9

బ్యాటరీ ఏమైనా దొరుకుతుందేమోనని యార్డుకు వెళ్ళి, వట్టి చేతులతో వచ్చాను. దీపం ఆకుపచ్చగా ఉంది. వేడి సరిగా ఉంది. పక్కింటి గోడ మీద నుంచి కొత్త వైరు ఒకటి దిగి పెట్టెకు కలిసి ఉంది. ఎర్రిస్వామి పని. ముడి చూస్తే తెలుస్తుంది. ఏదైనా సరే గొర్రెను కట్టేసినట్టు కడతాడు.

కృతజ్ఞతగా అనిపించింది. వనజ పోయాక మొదటిసారి నిద్ర పట్టింది.

రంగు గులాబీ.


నమోదు 10

గాలి తగ్గలేదు. పొద్దున గిన్నె తిరిగి ఇద్దామని పక్కింటికి వెళ్ళాను.

రామాంజినమ్మ మంచం అంచున ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ముక్కుకు గొట్టం ఉంది. ఊపిరి అందించే గాలి యంత్రం ముల్లు కింది గీత దగ్గర ఉంది.

"యంత్రం ఏంటికి తగ్గించినారు?" అన్నాను.

ఎర్రిస్వామి నా ముఖం చూడలేదు. పొయ్యి ముందు కూర్చుని సంగటి కలుపుతున్నాడు. "ఆమే తగ్గించమనింది. రెండిటికీ కరెంటు చాలదంట," అన్నాడు.

"నువ్వు తగ్గిస్తివా?"

"ఏడుస్తాది అన్నా. నేనేం చేయల్ల?"

రామాంజినమ్మ ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "నాకు... కూచుంటే... చాలన్నా. అది... చల్లబడితే... మళ్ళా రాదు."

మా ఇంటికి వచ్చి గోడ మీది వైరు లాగేశాను. ముడి విప్పడం కుదరక కోసేశాను. తిరిగి వెళ్ళి వాళ్ళ యంత్రం పూర్తిగా పెట్టాను. ఆమె పెదవుల రంగు చూస్తూ పక్కనే కూర్చున్నాను. రోజూ పళ్ళెం రంగు చూసినట్టే చూశాను. మెల్లగా తేరుకుంది.

మొదట మాట్లాడింది ఆమే. "సంగటి మాడిపాయ. ముక్కు లేదా నీకు?" అని ఎర్రిస్వామిని తిట్టింది. అతను గరిటె చేతిలో పట్టుకుని ఏడ్చాడు.

ఇంటికి వచ్చేసరికి పెట్టె చల్లగా ఉంది. దానికి కావలసిన వేడి మనిషి ఒంటి వేడే. పళ్ళెం మూత బిగించి, వనజ చీర కొంగు ముక్కలో చుట్టి, చొక్కా లోపల పక్కటెముకలకు ఆనించుకుని మంచం మీద పడుకున్నాను. కదలకుండా ఉన్నాను. మధ్యాహ్నం దాటింది. బయట గాలి ఇంటి రేకులను కొడుతూనే ఉంది.

డాక్టర్ అన్న మాట గుర్తొచ్చింది. గడ్డను చూసి గాయం అనుకుంటాయి, వచ్చి చుట్టూ చేరతాయి.

సంగటి తెచ్చింది, వైరు కట్టింది, ఊపిరి తగ్గించుకుంది వాళ్ళు. నేను పళ్ళెం గుండెకు పెట్టుకుని పడుకున్నాను. ఇంతమందిమి కలిసి దేన్ని బతికిస్తున్నామో అప్పుడు తెలిసింది.

వనజను కాదు.

వనజ ఇది చూసి ఉంటే ఏమనేదో కూడా తెలుసు. అది ఇక్కడ రాయను.


నమోదు 11

గాలి ఆగింది. కప్పెక్కి మా పలకలు కడిగాను, వాళ్ళవీ కడిగాను. ఎండ బాగుంది. పెట్టె దీపం ఆకుపచ్చ. జత బతికే ఉంది. కాస్త పసుపు తిరిగింది. గంజి పోశాక గులాబీ అయింది.

కేంద్రానికి వెళ్ళి డాక్టర్‌తో ఇస్తానని చెప్పాను. ఆమె ఏవో ధన్యవాదాలు చెప్పబోతే ఆపాను. ఒక్కటి అడిగాను. పరీక్ష మా ఇంట్లో, ఆ పెట్టెలోనే మొదలు కావాలి. మొదటి మందు నేనే వేయాలి. ఆమె కొంచెం ఆలోచించి ఒప్పుకుంది. నోరుకట్టు చిన్న సీసాలో ఇచ్చింది. రంగు లేదు. నీళ్ళలాగే ఉంది. కొన్నాళ్ళు రోజూ వేయాలి. మూలకణాలు మారడం మొదలైతే పాత మందు వేస్తారు. చివర ఆమె వచ్చి పళ్ళెం తీసుకెళ్తుంది.

జతకు నొప్పి తెలుస్తుందా అని అడగబోయాను. జవాబు నాకు తెలుసు. అడగలేదు.

రామాంజినమ్మకు నేనే చెప్పాను. ఆమె గోడకు అటువైపు నిలబడి వింది.

"అక్కకు కోపమొస్తాదేమో అన్నా," అంది.

"తను చెప్పిన మాట వినకుండా నువ్వు కలుపు తీసినందుకు వస్తాది. దీనికి రాదు."

"మందు నాకు పనిచేయకపోతే?"

"తెలుస్తాది కదా. ఈసారి నిజంగా తెలుస్తాది."

"ఎట్ల మాట్లాడతావప్పా నువ్వు," అంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, "రేపు నీకేం తేవల్ల?" అని అడిగింది.

ఏమీ తేవద్దన్నాను.

రేపు పొద్దున లేవగానే పొయ్యి వెలిగిస్తాను. దివసాలు ఇంకా కాలేదు. అయినా వెలిగిస్తాను. పెట్టె మూత తీసి రంగు చూస్తాను. ఏం రంగుందో మంచం వైపు తిరిగి పైకి చెబుతాను. గంజిలో నోరుకట్టు కలిపి, పళ్ళెంలో పోసి, మూత పెట్టి, ఇక్కడ రాస్తాను. ఆ తర్వాత సంగటి కెలికి, వేడిగా ఉండగానే పక్కింటికి తీసుకెళ్తాను.